లష్కరులో ఒంటిహాపు పరీక్ష

మన దేశము పేరు మోయుచు మనకు మాత్రము దక్కని వస్తువులు లోకమున కొన్ని కలవు. వానిలో నగ్రగణ్యము ఇండియా పేల్ ఏలు అను పానీయము. దానిని కాచినవారు ఆంగ్లేయులు, మోసినవి ఆంగ్లేయుల యోడలు, సేవించినవారు ఆంగ్లేయాధికారులు. ఓడనుండి పడవకు, పడవనుండి బండికి, బండినుండి కొట్టుకు పీపాలు దొర్లించినవారు మాత్రము మనవారు. దొర్లించినందులకు కూలి ముట్టినదేమో కాని, రుచి చూచి బాగోగులు సెలవిండని వారి నెవ్వరును అడిగియుండరు. అడుగవలసిన ఆ మాట రెండువందల యేండ్లు ఆలస్యముగా వెస్టు మారేడుపల్లిలోని మా యింట వినబడినది. అడిగినవాడు మా మేనల్లుడు. వాడు సియాటిలు నగర ప్రాంతమున కంప్యూటరు కొలువు చేయుచు, తీరికవేళల బీరును గూర్చి విచారించుచు, తాను విచారించుటతో తృప్తి చెందక కనబడినవారిచే నెల్ల విచారింపజేయుచు నుండు సజ్జనుడు.

వాడు తెచ్చినదానిని వర్ణించుటకు ముందు, తెచ్చిన చోటు ఎట్టిదో విన్నవింపవలెను. ఏలయన ఈ పానీయమునకు భారతదేశమున తగిన న్యాయస్థానమును వెదకినచో సికింద్రాబాదు కంటె యోగ్యమైనది కానరాదు. 1798లో నిజాముగారికిని ఈస్టిండియా కుంపినీవారికిని నడుమ కుదిరిన సంధివలన హుస్సేనుసాగరమునకు ఉత్తరపు మైదానమున దిగిన దండునకు, 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టగా ఈ యూరు వెలసినది. పేరెంత రాజసమైనదైనను జనుల నోట ఇది నేటికిని లష్కరే. ఆషాఢమున ఉజ్జయినీ మహంకాళికి జరుగు జాతరయు లష్కరు బోనాలే. దండు దిగినచోట దప్పికయు దిగును. సామాన్యులైన గోరా సోల్జర్ల దప్పికకు నల్లని పోర్టరు బీరును, అధికారుల దప్పికకు లేతవన్నె పేల్ ఏలును సీమనుండి దిగుమతి యగుచుండెడివి. వర్ణభేదము కేవలము మన సొత్తే యని నమ్మువారు ఈ సంగతి గమనింతురుగాక.

1874లో వాడి జంక్షను నుండి ఇచ్చటికి రైలుమార్గము పడువరకు, తీరమున దిగిన పీపా యేదైనను ఎద్దుబండిమీదనే దక్కను పీఠభూమి నెక్కవలసి యుండెను. ఆ బండ్ల కాలముననే, 1830లో, మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్రకు పోవుచు హైదరాబాదు మీదుగా సాగి, దారిలో కనబడిన చెఱువును, బాటను, బజారును, ధరను, ఆచారమును విడువక వ్రాసి పెట్టిరి. ఆయన పరిశీలనశక్తి యెంతటిదో శిష్టాచారమును అంతటిదే. ఆ రెండవది యొక వీసమెత్తు తగ్గియుండినచో పేల్ ఏలు మీద ఆదివ్యాఖ్యానము తెలుగుభాషలో నుండెడిది; నాకీ వ్యాసము వ్రాయు శ్రమ తప్పెడిది.

ఇక పానీయము పుట్టుక. లండనులో లీ నది ప్రక్కన బో అను పేటలో 1752 నుండి బీరు కాచుచుండిన హాడ్జ్‌సను వంశీయులకు, తూర్పుదేశములకు పోవు ఓడలు తమ కార్ఖానాకు దాపుననే లంగరు వేయుట గొప్ప యదృష్టమైనది. ఆ యోడల కప్తానులకు వారు సంవత్సరమున్నర వఱకును అప్పు పెట్టెడివారు. అప్పు పెట్టువాని సరుకునకు రుచి హెచ్చుగా నుండుట లోకసహజము. ఆ యోడలు ఆఫ్రికా కొనను చుట్టి, భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నెలల తరబడి ఊగి తూగి ఇచ్చటికి చేరునప్పటికి, పీపాలోని ఏలు పాడగుటకు మాఱుగా పరిపక్వమయ్యెడిది. ఇందులో మంత్ర మేమియు లేదు. హాపు పువ్వులోని చేదు పదార్థము పానీయమును పులియజేసి పాడుచేయు లాక్టోబాసిల్లసు వంటి సూక్ష్మజీవులను పెరుగనీయదు, అంతియే. భారతదేశము కొఱకే ప్రత్యేకముగా దీనిని కనిపెట్టినారని చెప్పుకొను కథలో సగము కల్పన. హాపు దట్టించిన లేతవన్నె బీరు ఇంగ్లండులో ముందే కలదు, ఓడ ప్రయాణము దానికి కలిసివచ్చినది. రష్యా వర్తకము చెడి దిగాలుపడియున్న బర్టను పట్టణపు సామ్యుయేలు ఆల్సాపునకు 1820ల తొలినాళ్ళలో కుంపినీ పెద్ద యొకడు హాడ్జ్‌సను బీరును చూపి 'దీనిని నీవును చేయరాదా' యనగా, ఆల్సాపు పనివాడు తొలి నమూనాను తేనీటి కూజాలో కాచి చూపెనని ప్రతీతి. బర్టను బావులలోని జిప్సపు నీరు హాపు చేదునకు పదును పెట్టినది, హాడ్జ్‌సనువారు వెనుకబడిరి. ఈ కథ వినినప్పుడు మా ఇల్లాలు, అంతవఱకు ముఖము ముడుచుకొని యున్నది కాస్తా, 'టీ కూజాలో కాశారా!' అని ఆ పానీయమునెడ కొంత మెత్తబడెను.

ఆ ఏలును సీమనుండి తెప్పించుటకంటె ఇచ్చటనే కాచుట మేలని పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఎడ్వర్డు డయ్యరు అనునాతడు కసౌలీ కొండలలో కార్ఖానా పెట్టెను. జలియన్‌వాలాబాగు డయ్యరు ఈయన కుమారుడే. తండ్రి పంచిన చేదు సీసాలకు పరిమితము. తరువాత శీతల యంత్రములు వచ్చినవి, జర్మను మార్గపు లాగరు వచ్చినది, పేల్ ఏలును జనులు మఱచిరి. నేడు మన వైన్సు దుకాణముల యొద్ద బీరునకు జరుగు సమస్త పరీక్షయు ఒక్క ప్రశ్నలో ముగియును: 'అన్నా, కూలింగ్ ఉందా?' ఉన్నదన్నచో ఉత్తీర్ణము, లేదన్నచో ప్రక్క దుకాణము.

మా మేనల్లుడు వసించు ప్రపంచమున అట్టి ప్రశ్న అపచారము. వాడున్న చోటికి తూర్పున, కాస్కేడు పర్వతముల కావల, యాకిమా యను లోయ కలదు. అమెరికా దేశమున పండు హాపు పంటలో సింహభాగ మచ్చటిదే. హాపు ఎత్తైన పందిళ్ళ మీదికి ప్రాకు తీగ. ఆడుతీగ వేఱు, మగతీగ వేఱు. బీరునకు పనికివచ్చునది ఆడుతీగ గుత్తులు మాత్రమే కనుక, తోటలలో మగతీగను కాలు పెట్టనీయరు. కులగోత్రములు విచారించినచో హాపు గంజాయికి దగ్గరి చుట్టము, రెండింటిది ఒకే కుటుంబము. ఈ తుది విషయమును మేనల్లుడు మా ఇల్లాలు వినుచుండగా చెప్పియుండవలసినది కాదు.

వాడు ఉపదేశించిన శాస్త్రము సంగ్రహముగా నిట్టిది. బార్లీ మాల్టు కషాయము మరగుట మొదలిడినప్పుడు వేసిన హాపు గంటసేపుడికి చేదు నిచ్చును. దింపబోవునప్పుడు వేసినది పరిమళము నిచ్చును. పులిసి చల్లారిన పిమ్మట పచ్చిగా నానవేసినది మూత తీసినంతనే ముక్కుపుటముల నదరగొట్టును. సాధారణముగా కాచువారు ఒక జాతి హాపును చేదునకు, వేఱొక జాతిని వాసనకు, మూడవదానిని కీర్తికి వేయుదురు. ఒంటిహాపు ఏలులో నట్లు కాదు; ఆదిమధ్యాంతముల యందు ఒక్క జాతియే. స్కాట్లండులోని బ్రూడాగువారు 2011లో ఒకే ఏలును నాలుగు జాతుల హాపులతో నాలుగు విధములుగా కాచి, ఏ జాతి గుణము ఎట్టిదో జనులే తేల్చుకొందురుగాక యని ఒక్కచోట కట్టి అమ్మిరి. మా వాడు తెచ్చినదానిలో నున్న జాతి సిట్రా. అది 2007 ప్రాంతమున అంగడికి వచ్చి, పదేండ్లు తిరుగకుండ హాపు ప్రపంచమున మహారాణి యయ్యెను.

కస్టమ్సువారు అనుమతించు రెండు లీటర్ల హద్దునకు లోబడి, తువ్వాళ్ళలోను తన భార్య పాత చీరలోను చుట్టి, వాడు నాలుగు డబ్బాలను తెచ్చెను. తెచ్చిన క్షణము నుండి వానికి కునుకు లేదు. ఇట్టి ఏలును కాచిన మూడు నెలలలోపల త్రాగవలెనట. లేనిచో పరిమళము పలాయనము చిత్తగించునట. ఆ డబ్బా అడుగున ముద్రించిన తేదీ ప్రకారము ఆరు వారములు అప్పుడే గతించినవట. నెలల తరబడి ఉప్పుగాలిలో ఓలలాడి మఱింత బాగుపడుచుండిన మహావీరుని వంశమున పుట్టి, ఒక్కరోజు విమానమెక్కి వచ్చినందులకే ఆరోగ్యము పాడగునేమో యని వేచియుండు ఈ సుకుమారునికి, ఆ వంశనామము పెట్టుకొను అధికార మెట్లు వచ్చెనో నాకు బోధపడలేదు. అడిగితిని. మేనల్లుడు 'అది వేరే సబ్జెక్టు మామయ్యా' అనెను.

పరీక్షకు పూర్వాంగముగా నియమములు విధింపబడినవి. రెండు గంటల ముందునుండి కారము, పులుపు, ఊరగాయ, వక్కపలుకు నిషిద్ధములు. నాలుకను శుద్ధిచేసికొనుటకు ఉప్పులేని రొట్టె. ఉస్మానియా బిస్కత్తు ఉప్పును తీపియు కలిసిన పాపి కనుక దానికి ప్రవేశము లేదు. ఆ దినములు వైశాఖము నడుమవి. ఇంట కొత్తావకాయ కలిపి మూడవనాడు జాడీ తిరుగగలిపిన ముహూర్తము. వేడియన్నములో తొలి ముద్ద కలుపుటకు పళ్ళెము ముందు కూర్చున్న నాకు ఈ నిషేధాజ్ఞ చేరగా, నాకంటె ముందు మా ఇల్లాలే వాదమునకు లేచెను.

'ఏరా, అమెరికా నుంచి వచ్చింది కొత్తావకాయ తినటానికా, మీ మామయ్యని పస్తు పెట్టటానికా?'

'రెండు గంటలే అత్తయ్యా! నాలుక న్యూట్రల్‌గా ఉండాలి.'

'ఆయన నాలుక పెళ్ళయినప్పటి నుంచీ న్యూట్రల్‌గానే ఉంది. వడ్డిస్తున్నాను.'

రాజీ కుదిరి, ఆవకాయ రాత్రికి వాయిదా పడెను. నేను పెరుగన్నముతో దీక్ష వహించితిని. ఇక పాత్రాన్వేషణము. స్టీలు గ్లాసులో వన్నె కానరాదు. కాఫీ కప్పులో నురుగు నిలువదు. వాడు కోరిన తులిపు పువ్వు ఆకారపు గాజుపాత్ర మా వంశమున నెవ్వరును కొనియుండలేదు. తుదకు అటుకమీద నుండి ఫలూదా గ్లాసులు దిగినవి. వాడు దానిని వెలుతురునకెత్తి, త్రిప్పి, నడుము సన్నదనమును అంచు విరివిని పరిశీలించి, 'ఇది ఇంటర్నేషనల్‌గా పనికొస్తుంది' అని యోగ్యతాపత్ర మిచ్చెను. ఏలు 10 డిగ్రీల దాపున నుండవలెనట. అంతకంటె చల్లనైనచో పరిమళము బిగుసుకొనును, వెచ్చనైనచో మద్యపు ఘాటు తలయెత్తును. బయట 42 డిగ్రీలు. ఫ్రిజ్జు నుండి బయటపడిన డబ్బా ఆ పుణ్యసంఖ్యయొద్ద నిలుచు కాలము అతి స్వల్పము కనుక, శాస్త్రచర్చకు తావులేకుండ త్వరపడవలసి వచ్చెను.

మార్కుల పత్రము అమెరికాలో 1985లో వెలసిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం అను పరీక్షకసంఘము వారిది. మొత్తము 50. పరిమళమునకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటిలోని స్పర్శకు 5, మొత్తముమీద కలిగిన భావమునకు 10. రూపమునకు మూడే మార్కులేమని విస్తుపోవు చదువరులు, పెండ్లిచూపులలో మనము చేయు మార్కుల పంపకమును జ్ఞప్తికి తెచ్చుకొని సిగ్గుపడుదురుగాక.

రూపము సంగతి త్వరగా తేలినది: పలుచని తేనెరంగు, కొంచెము మబ్బు, తెల్లని నురుగు. 3కు 2. పరిమళము వద్ద మాత్రము ప్రారంభముననే వ్యాజ్యము పడెను. గ్లాసులో నురుగు లేచినంతనే మామిడిపండ్ల సౌరభము గదినంతయు నిండినది. మేనల్లుడు ఉప్పొంగి పత్రమున వ్రాయబోవుచుండగా మా ఇల్లాలు, మంచము క్రింద వరిగడ్డిలో మాగుచున్న బంగినపల్లి గంప యున్నదని సాక్ష్యము చెప్పెను. గ్లాసు వాసన యేది, గంప వాసన యేది యని నిర్ణయించు ఉపాయము ఆ పత్రమున లేదు. న్యాయస్థానమును వెంటనే డాబామీదికి బదిలీ చేయవలసి వచ్చెను.

అప్పటికి సాయంకాలమైనది. ఎండిన వడియములు ఎత్తుకొనుటకు మా ఇల్లాలును పైకి వచ్చెను. త్రాగుట యను ప్రసక్తి లేకుండ, వాసన మాత్రము చూచుటకు ఒప్పుకొని, గ్లాసును ముక్కునకు రవంత దూరమున నిలిపి, ఒక్క క్షణము కన్నులు మూసి, 'ఇది పండు వాసన కాదు. కాయ ముచ్చిక తుంచితే కారుతుందే సొన, ఆ వాసన. వెనకాల పంపరపనస తొక్క' అనెను. మేనల్లుడు కలము వదలి నిలువుగ్రుడ్లతో చూచెను. హాపు పువ్వులోని సుగంధతైలమున ముఖ్యమైన మిర్సీను అను పదార్థము మామిడి సొనలోను కలదని వాడు యాకిమా తోటలలో విని వచ్చినవాడు. పుట్టినది మొదలు ఊరగాయలకు కాయలు కోయు చేతులకు ఆ సంగతి ఎవ్వరును చెప్పనక్కరలేదు. వాని జాబితాలో తరువాతి మాట 'పైన్ రెజిన్'. దేవదారు వృక్షము సికింద్రాబాదున లేదు. నేను గుగ్గిలమంటిని, శుక్రవారము ధూపము వేసిన దేవునిగది నిక్కముగా ఆ గ్లాసులో కలదు. ఇంతవఱకు శుభముగా నడచినది. అటుపైన వాడు, 'ఇంకా లోతుకి వెళ్తే కొంచెం పిల్లి...' అని యేదియో గంధకపు పదార్థమును గూర్చి భక్తితో వివరింపబోగా, ఇల్లాలు వడియముల పళ్ళెము నెత్తుకొని క్రిందికి వెడలిపోయెను. ఆమె యిచ్చిన సాక్ష్యమునకే 12కు 10.

రుచి. 'మొదటి గుక్కకే జడుసుకోకు మామయ్యా, 60 ఐబీయూలు' అని వాడు భుజము తట్టెను. ఐబీయూ యనగా లీటరునందు చేదు పదార్థ మించుమించు ఒక మిల్లీగ్రాము. ఈ హెచ్చరిక నాకెంతయు వింతగా తోచినది. సంవత్సరాదినాడు పరగడుపున వేపపువ్వు నమలి కాలగణనము ప్రారంభించు జాతివారము. కాకరకాయకు ఉప్పురాచి పిండి చేదు పోగొట్టినను, మిగిలిన చేదుకొఱకే దానిని కొనువారము. పులుసులో మెంతులు మాడినను భార్యతో అనక మింగువారము. మమ్మునా వీరు చేదుతో బెదరించుట! నేను గుక్క నించి, నాలుకపై నలుదిక్కుల త్రిప్పి, నిర్వికారముగా మింగితిని. చేదు తగినంతగా నున్నది, గట్టిది, మింగిన పిదపను కదలక కూర్చున్నది. దానితో నాకు తగవు లేదు. తగవు దాని యొంటరితనముతో. మన వంటయింట చేదు ఎన్నడు నొంటరిగా రాదు. వేపపువ్వునకు బెల్లము తోడు, కాకరకు చింతపండును ఉల్లికారమును తోడు, మెంతికి ఆవయు ఇంగువయు తోడు. ఇందులో మాల్టు తీపి తోడుండవలసినది; కాని ఆ కాచినవాడు హాపు కీర్తికి అడ్డువచ్చునని మాల్టును వీధిలోనే నిలిపివేసెను. ముక్కునకు మామిడితోట చూపి, నాలుకకు పంపరపనస తొక్క నిచ్చుట వాగ్దానభంగము కాదా? మేనల్లుడు, 'అది వెస్ట్ కోస్ట్ స్టైలు మామయ్యా' అనెను. ఏ కోస్తావారైనను వాగ్దానము వాగ్దానమే.

ఈ ధర్మసంకటమున మమ్ముద్ధరించినవాడు పై యంతస్తు గౌడుగారు. బ్యాంకు అధికారిగా పదవీవిరమణ చేసి, సాయంకాలము డాబామీద తులసికి, కరివేపకు నీళ్ళు పోయు సాధుపురుషుడు. ఆయన తాతగారు భువనగిరి దాపున మోకు, ముస్తాదు ధరించి తాళ్ళెక్కినవారు. గ్లాసు చేతికీయగా, ఆయన పత్రము నడుగలేదు, డిగ్రీల నడుగలేదు. ముందుగా వంచి రెండు చుక్కలు అమ్మవారి పేర నేల విడిచెను. ఆ రెండు చుక్కల ఖరీదును డాలర్లలో లెక్కించి మేనల్లుని ముఖము పాలిపోవుట నేను చూచితిని. గౌడుగారు గ్లాసును చెవియొద్దకు చేర్చి నురుగు చప్పుడు వినెను. పిదప ఒక్క గుక్క త్రాగి, ఆకాశమువంక చూచుచు చాలసేపు పలుకకుండెను.

'ఏమున్నయి ఇందుల?' అని అడిగెను.

మేనల్లుడు ఒంటిహాపు సిద్ధాంతము నంతయు ఏకరువు పెట్టెను.

'గంతేనా! ఒక్కచెట్టు కల్లన్నట్టు.'

చదువరులలో పట్టణవాసులకు చెప్పవలసియున్నది. తెలంగాణ పల్లెలలో కల్లెఱిగినవారు పలు చెట్లది కలిపిన కల్లునకు తృప్తిచెందరు. ఫలానా తాటిచెట్టుది, అందులోను ఆ ఒక్క చెట్టుదే, వేఱుగా లొట్టిలో దింపి తెమ్మని కోరుదురు. మగతాటికి ఒక గుణము, ఆడుతాటికి ఒక గుణము, వానలో నొక గుణము, ఎండలో నొక గుణము. చవుడు నేలది వేఱు, చెలక నేలది వేఱు. అనారోగ్యమున పెద్దలు పథ్యముగా చెప్పునదియు ఒక్కచెట్టుదే. కలిపినచో చెట్ల తప్పులు ఒకదానిచాటున ఒకటి దాగును. యాకిమా లోయలో శాస్త్రజ్ఞులు, స్కాట్లండులో వర్తకులు ఆర్భాటముతో చాటుచున్న తత్త్వమును మన గీతవారు ఏ పత్రమును ముద్రింపకయే తరతరములుగా ఆచరించుచున్నారు. ఒక్కటే తేడా: కల్లు లొట్టిలో పడునప్పుడే గాలిలోని ఈస్టు తనంతట దానిని పొంగించును, హాపు వంటి కావలివాడు లేడు కనుక సాయంకాలమునకు పులిసిపోవును, భూమధ్యరేఖ మాట దేవుడెఱుగు, దానికి భువనగిరినుండి లష్కరు చేరుటయే గండము. ఆ చేరు దారియు నడుమ నొక దశాబ్దము మూతపడినది. హైదరాబాదు జంటనగరములలో 2004లో మూయించిన కల్లు కాంపౌండులు తిరిగి తెఱచుకొన్నది 2014లో. ఆ పదేండ్లును బోనాలనాడు సాక పోయుటకు కల్లు వెదకికొన్న అవస్థలు గౌడుగారు చెప్పగా వినవలెను. వ్రాయుటకు చోటు చాలదు.

'మరి ఇది ఎట్లుందంటరు?' అని మేనల్లుడు తన యాస మార్చి వినయముగా నడిగెను. గౌడుగారు రెండవ గుక్క తీసికొనెను.

'తల మంచిగుంది. తోక మంచిగుంది. నడుమే లేదు. ఇంకో చెట్టుది కలిపితే ఆ నడుము వచ్చేది. కాని కలిపితే ఈ చెట్టుకు నడుము లేదని మనకెట్ల ఎరుకైతది?'

నేను అరగంట నుండి వాగ్దానభంగము, ధర్మసంకటము అని కాగితము నింపి చెప్పజూచినదంతయు ఆ నాలుగు మాటలలో నున్నది. అంతకంటె మిన్నగా, నా ఫిర్యాదునకు సమాధానమును అందే కలదు. ఒంటిహాపు ఏలు కాచునది మన నాలుకకు సంపూర్ణానంద మిచ్చుటకు కాదు, ఒక తీగ నడవడిని దాపరికము లేకుండ బయట పెట్టుటకు. దానిని త్రాగువాడు అతిథి కాడు, సాక్షి. కావున లోపము కనబడినదని మార్కులు కోయుట న్యాయమే కాని, కనబడునట్లు కాచినందులకు తుది పద్దున కొన్ని తిరిగి యిచ్చుటయు న్యాయమే.

మేనల్లుడు దోషముల జాబితాను బయటికి తీసెను. తడిసిన అట్టపెట్టె వాసన యున్నచో గాలి తగిలి పాతబడినట్లు. వెన్న వాసన యున్నచో పులియుట పూర్తికానట్లు. ఎండ సోకినచో హాపు చేదు విఱిగి దుర్గంధము పుట్టును, అందులకే సీసాలకు గోధుమరంగు. అట్టపెట్టె లేదు, వెన్న లేదు. ఎండ సోకుటకు డబ్బాలో సందు లేదు. ఫలూదా గ్లాసులో నున్నంతసేపును సికింద్రాబాదు సూర్యుడు ప్రయత్నించినాడు కాని, అస్తమయము సమీపించుటచే ఓడెను. నోటి స్పర్శ యను విభాగమున, నురుగు చురుకు బాగున్నదనియు, తుదకు నాలుక కొంచెము పిడచకట్టినదనియు ముగ్గురమును ఏకగ్రీవముగా తేల్చితిమి. 6.8 శాతము మద్యము మాత్రము తన యునికిని ఎక్కడను చాటుకొనలేదు. గౌడుగారు రెండవ గ్లాసు వద్దనుటకు అదే కారణముగా చెప్పిరి.

తీర్పు ఇట్లున్నది. పరిమళము 10, రూపము 2, రుచి 13, స్పర్శ 3, మొత్తపు భావము 7. వెరసి 50కి 35. ఆ సంఘమువారి కొలబద్దపై ముప్పదినుండి ముప్పదియేడు వఱకు 'చాల బాగు' అను తరగతి. మేనల్లుడు 40 అయినను రావలెనని కొంత వాదించెను. రుచి విభాగమున పునఃపరిశీలన లేదని కొట్టివేయబడినది.

ఇక జూబిలీహిల్సు, గచ్చిబౌలి ప్రాంతముల బీరు కాచి అమ్ము శాలలవారికి ఒక విన్నపము. మీరు గోధుమ బీరులో మామిడిరసము కలిపి అమ్ముట మేమెఱుగుదుము, తప్పనము. కాని ఏడాది కొకసారియైనను ఒక్క జాతి హాపుతో ఒక్క ఏలు కాచుడు. హిమాచలములోని లాహౌలు లోయలో హాపు పండును; అది దొరకినచో మఱియు మంచిది. మాల్టును వీధిలో నిలుపక లోనికి రానిండు. చేదు తగ్గింపకుడు. కాచిన తేదీ పలకమీద వ్రాయుడు. రుచి చూచుటకు లష్కరునుండి మేము ముగ్గురము రాగలము. వాసన వఱకైతే నాలుగవవారును వత్తురు.